ప్రజారోగ్యంలో పీజీ: దరఖాస్తు నుంచి వైవా దాకా నా అనుభవం

పోయిన నెలలో నా ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) వైవా, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష, అయిపోయింది. పేరుకు రెండేళ్ల కోర్సు, నాకు పట్టింది రెండున్నరేళ్లు. మా బ్యాచ్‌లో చాలామందిదీ ఇదే పరిస్థితి. ఆ అదనపు నెలలు ఎక్కడికి పోతాయో చేరకముందే ఎవరైనా చెప్పి ఉంటే డబ్బూ మనశ్శాంతీ కొంతైనా మిగిలేవి. అందుకే రాస్తున్నాను. కోర్సులో ఏ సబ్జెక్టులుంటాయి, చదివాక ఏ ఉద్యోగాలొస్తాయి అన్న సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది. దిగాక ఏం జరుగుతుందో అదొక్కటే చెబుతాను.

నేను నర్సింగ్ చదివి ఆసుపత్రిలో ఆరేడేళ్లు పనిచేశాను, ఎక్కువ కాలం మెడికల్ వార్డులో. పక్షవాతంతో వచ్చేవాళ్లను చూసీ చూసీ ఒక ప్రశ్న మనసులో ఉండిపోయింది. వీళ్లలో చాలామందికి బీపీ ఉందని ఏళ్ల కిందటే తెలుసు. మందు రాసిన చీటీ కూడా ఉంటుంది. మరి ఎక్కడ తెగింది? వార్డులో కూర్చుంటే దీనికి జవాబు దొరకదు. మా దాకా వచ్చేసరికే జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

నవంబరులో దరఖాస్తులు మొదలుపెట్టాను. ఫారం నింపడం ఒక పూట పని. టైమంతా కాగితాలకే పోతుంది. డిగ్రీ చదివిన కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్ రావడానికి దాదాపు రెండు నెలలు పట్టింది, అదీ వారం వారం ఫోన్ చేస్తూ ఉంటేనే. సీలు వేసిన కవరులోనే రావాలని ఒకచోట, స్కాన్ చాలని ఇంకోచోట అంటారు కాబట్టి ఒకేసారి నాలుగైదు కాపీలకు డబ్బు కట్టేయడం మేలు. రికమెండేషన్ లెటర్ల కోసం పెద్ద హోదా ఉన్నవాళ్ల చుట్టూ తిరగొద్దు. నా పని దగ్గరుండి చూసిన వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్ రాసిచ్చిన ఒక పేజీ ఉత్తరం మీదే ఇంటర్వ్యూలో ప్రశ్నలు వచ్చాయి. పైవాళ్లు సంతకం పెట్టిచ్చిన నాలుగు లైన్ల ఉత్తరాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకు చదవాలనుకుంటున్నావో రాయమన్నచోట "సమాజానికి సేవ" అని కాకుండా, పైన చెప్పిన ప్రశ్ననే రాశాను. ఇంటర్వ్యూ సగం దాని చుట్టూనే నడిచింది.

ఏప్రిల్ చివర్లో సీటు వచ్చినట్టు తెలిసింది. మొదటి వాయిదా ఫీజు జూన్‌లో కట్టాలి. బ్యాంకు లోన్ జూలైలో గానీ మంజూరు కాలేదు. ఈ మధ్యలో పడే గండాన్ని గురించి ముందే ఆలోచించుకోండి. నేను ఇంట్లోవాళ్ల దగ్గర అప్పు తీసుకుని కట్టాను. నాతోపాటు సీటు వచ్చిన ఒకమ్మాయి అడ్మిషన్ల ఆఫీసుకు ఉత్తరం రాసి గడువు పెంచమని అడిగితే నెల రోజులు ఇచ్చారు. అడగొచ్చన్న సంగతే మాకు తెలియదు. ఖర్చు లెక్కేసుకునేటప్పుడు అందరూ ఫీజు చూస్తారు. నా విషయంలో ఫీజుకంటే పెద్ద ఖర్చు రెండున్నరేళ్లు ఆగిపోయిన జీతం. జీతం లేని సెలవు ఇవ్వమని అడిగాను, కుదరదన్నారు, రాజీనామా చేశాను. ఆ కాగితం ఇచ్చి బయటికి వచ్చిన రోజు చాలా భయమేసింది.

ఆగస్టులో క్లాసులు మొదలయ్యాయి. మా బ్యాచ్‌లో డాక్టర్లు, పళ్ల డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, సోషల్ వర్క్ చదివినవాళ్లు, స్టాటిస్టిక్స్ డిగ్రీ చేసిన ఒక అబ్బాయి ఉన్నారు. మొదటి నెలలో నాకు ఎక్కువ బాధ కలిగించింది లెక్కలు కావు. ఎదురుగా రోగి లేకపోవడం. ఏళ్ల తరబడి చేతులతో పనిచేసిన మనిషిని రోజంతా పట్టికల ముందు కూర్చోబెడితే, సాయంత్రానికి ఏమీ చేయనట్టే ఉండేది. వచ్చింది తప్పుదారేమోనని చాలా రాత్రులు అనుకున్నాను.

ఆ అనుమానం పోగొట్టింది ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో లెక్కలతో తేల్చే శాస్త్రం) క్లాసులో చేయించిన ఒక అభ్యాసం. ఈ కోర్సు చదివే చాలామందికి ఇది ఎదురవుతుంది. 1940 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఓస్వీగో కౌంటీలో ఒక చర్చి విందుకు వెళ్లినవాళ్లు వాంతులు, విరేచనాలతో పడిపోయారు. విచారించింది 75 మందిని, జబ్బుపడింది 46 మంది. ఎవరెవరు ఏమేం తిన్నారో రాసిన జాబితా మా చేతికిచ్చి, కారణమేదో తేల్చమన్నారు. నేను వార్డు అలవాటు కొద్దీ జబ్బుపడినవాళ్ల వరుసలే చూశాను. 46 మందిలో 29 మంది హామ్ (పంది మాంసం) తిన్నారు. సగానికి పైనే కదా, నా అనుమానం దానిమీదికి కూడా పోయింది. మేడం వచ్చి నా కాగితం చూసి, "జబ్బు పడనివాళ్లు ఏం తిన్నారమ్మా?" అని మాత్రం అడిగి పక్క బెంచీకి వెళ్లిపోయారు.

అప్పుడు పూర్తి లెక్క వేశాను. హామ్ తిన్న 46 మందిలో 29 మందికి జబ్బు చేసింది, అంటే 63 శాతం. తినని 29 మందిలో 17 మందికి చేసింది, 59 శాతం. పెద్ద తేడా లేదు. వెనిలా ఐస్‌క్రీమ్ దగ్గరికి వచ్చేసరికి తిన్న 54 మందిలో 43 మందికి, తినని 21 మందిలో ముగ్గురికే. దాదాపు 80 శాతానికి 14 శాతం. బాగున్నవాళ్లను అడగకపోతే హామ్ తప్పేమీ లేదని ఎన్నటికీ తేలదు. ఇన్నేళ్లూ నేను చూసింది లవాన్నే, అంటే జబ్బుపడినవాళ్లనే. హారంలో, అంటే మొత్తం జనంలో, ఎవరున్నారో ఎప్పుడూ చూసే అవకాశమే రాలేదు. ఆసుపత్రికి వచ్చినవాళ్లే మాకు కనబడతారు. రానివాళ్లు ఎంతమంది, ఎందుకు రాలేదు అన్నది చూడాలంటే ఈ చదువు కావాలని ఆ రోజు గట్టిగా అనిపించింది. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకున్నాను.

ఇలాంటిదే స్క్రీనింగ్ పరీక్షల లెక్క. జబ్బు ఉన్నవాళ్లలో 90 శాతం మందిని పట్టుకునే, లేనివాళ్లలో 95 శాతం మందికి లేదని సరిగ్గా చెప్పే పరీక్ష ఒకటి ఉందనుకుందాం. వినడానికి మంచి పరీక్షే. నూటికి ఒక్కరికి ఆ జబ్బున్న జనంలో పదివేల మందికి చేస్తే, జబ్బున్న 100 మందిలో 90 మందికి పాజిటివ్ వస్తుంది. జబ్బు లేని 9,900 మందిలో 495 మందికి కూడా వస్తుంది. పాజిటివ్ వచ్చిన 585 మందిలో నిజంగా జబ్బున్నది 90 మందికే, అంటే ఆరుగురిలో ఒక్కరికి కాస్త తక్కువ. తిరిగి తిరిగి మూడుసార్లు వేసి చూసుకున్నాను. పాజిటివ్ రిపోర్టు చేతిలో పట్టుకుని నా ముందు ఏడ్చినవాళ్లు గుర్తొచ్చారు. ఆ రోజుల్లో వాళ్లకు ఏం చెప్పి ధైర్యపరచవచ్చో నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు.

కలరాకు కారణం ఒక వీధి పంపు నీళ్లేనని లండన్ డాక్టర్ జాన్ స్నో పట్టుకున్న కథ చాలామంది వినే ఉంటారు. క్లాసులో దానిమీద తక్కువ సేపు, నీటి కంపెనీల లెక్క మీద ఎక్కువ సేపు గడిపాం. లండన్‌లో 1854 కలరా సమయంలో ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు వేర్వేరు కంపెనీల నీళ్లు వచ్చేవి. ఒక కంపెనీ నీళ్లు తాగిన ప్రతి పదివేల ఇళ్లకు 315 మరణాలు, ఇంకో కంపెనీ ఇళ్లలో 37. పేదా గొప్పా తేడా లేకుండా అవే వీధులు, అదే గాలి. అందుకే ఆ పోలికకు అంత బలం వచ్చింది. కన్‌ఫౌండింగ్ (అసలు కారణంతో వేరే తేడాలు కలిసిపోయి పోలికను తప్పుదారి పట్టించడం) అన్న మాట నాకు పుస్తకంలో ఎక్కలేదు, ఈ లెక్కతో ఎక్కింది.

బయోస్టాటిస్టిక్స్ గురించి భయపడేవాళ్లకు ఒక్క మాట. పదో తరగతి లెక్కలు వస్తే గండం గడుస్తుంది. చేత్తో కొన్నాళ్లు చేయండి, తర్వాత సాఫ్ట్‌వేర్. మా దగ్గర కొందరు స్టాటా నేర్చుకున్నారు. కోర్సు అయ్యాక లైసెన్సు డబ్బు పెట్టి కొనాల్సి వచ్చేసరికి ఆగిపోయారు. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. నేను అదే నేర్చుకున్నాను. మొదటి రెండు నెలలు నరకం, తర్వాత హాయి. స్టాటిస్టిక్స్ అబ్బాయి ఇచ్చిన సలహా ఇప్పటికీ పాటిస్తున్నాను: "అక్కా, ముందు గ్రాఫ్ గీసి చూడండి. టెస్టులు ఎక్కడికీ పోవు."

రెండో సెమిస్టరు పాలసీ, హెల్త్ ఎకనామిక్స్, పర్యావరణ ఆరోగ్యం, సామాజిక శాస్త్రాలతో వేగంగా గడిచిపోయింది. రాయాల్సిన అసైన్‌మెంట్లు మాత్రం బోలెడు. అందులో నన్ను కదిలించినవి రెండు. ఒకటి బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం. అందరికీ ఉద్యోగముంది, జీతముంది, అయినా హోదా ఒక్కో మెట్టు దిగుతున్న కొద్దీ మరణాల రేటు పెరుగుతూ పోయింది. రెండోది బ్రిటిష్ ఎపిడెమియాలజిస్టు జెఫ్రీ రోజ్ 1985లో రాసిన వాదన. కొద్దిపాటి ప్రమాదం ఉన్న ఎక్కువమందిలోంచి వచ్చే కేసులు, పెద్ద ప్రమాదం ఉన్న కొద్దిమందిలోంచి వచ్చే కేసులకంటే ఎక్కువ కావచ్చన్నాడు. బీపీ 180 ఉన్నవాళ్ల చుట్టూనే తిరిగిన నాకు ఇది మింగుడుపడటానికి చాలా రోజులు పట్టింది.

మొదటి ఏడాది చివర రెండు నెలలు ప్రాక్టికమ్, అంటే బయట ఒక సంస్థలో పనిచేసి నేర్చుకోవడం. నన్ను ఒక ఆరోగ్య కార్యాలయానికి పంపారు. జీతం లేదు, ప్రయాణ ఖర్చు మనదే, మొదటి వారంలో కూర్చోవడానికి కుర్చీ కూడా కుదరలేదు. నాకిచ్చిన పని టీకాల నెలవారీ రిపోర్టులు సరిచూడటం. కొన్ని చోట్ల టీకా వేయించుకున్న పిల్లలు నూటికి 104 మంది. నేను రెండు రోజులు రిజిస్టర్లు కలిపి చూస్తే వేసిన టీకాల సంఖ్య సరిగ్గానే ఉంది. పాత జనాభా లెక్కల ఆధారంగా అంచనా వేసిన పిల్లల సంఖ్య తక్కువగా ఉంది, పైగా పక్క ప్రాంతాల పిల్లలు కూడా అక్కడే వేయించుకుంటున్నారు. నూటికి 104 వచ్చినచోట టీకా అందని పిల్లలు ఉంటారని ఎవరూ వెతకరు. నిజానికి అక్కడ ఉన్నారు. కొత్తగా పని కోసం వలస వచ్చినవాళ్ల పిల్లలు ఏ జాబితాలోనూ లేరు. తరగతిలో నేర్చిన హారం అక్కడ పసిపిల్లల రూపంలో కనబడింది. అక్కడి ఉద్యోగి ఒకాయన, "మీరు వెళ్లేలోపు ఇది రాసిపెట్టండమ్మా, మీటింగులో పెడతాను" అన్నారు. రాసిపెట్టాను, పెట్టారు కూడా. ఏ పరీక్షలో మార్కులకన్నా ఆ రెండు పేజీలంటే నాకు ఇష్టం.

ఇక థీసిస్. నెలలకు నెలలు పోయేది ఇక్కడే.

అంశం నాకు ముందే ఉంది: బీపీ మందు మొదలుపెట్టినవాళ్లు ఎందుకు మానేస్తారు. క్లినిక్‌కు వచ్చే పేషెంట్లను అక్కడే కూర్చోబెట్టి అడుగుదామని ప్రపోజల్ రాసుకెళ్లాను. బ్యాచ్‌లో ఎక్కువమంది చేసేది ఇదే, నెలలో డేటా చేతికొస్తుంది. గైడ్ మేడం చదివి, "క్లినిక్‌కు వస్తున్నవాళ్లనే అడిగితే మానేసినవాళ్లు ఎక్కడ దొరుకుతారమ్మా?" అన్నారు. ఏడాది కిందట రిజిస్టర్లో పేరు రాయించుకున్న ప్రతివాళ్లనూ జాబితాగా తీసుకుని, ఇప్పుడు వస్తున్నా రాకపోయినా ఇంటికి వెళ్లి అడగాలని తేలింది. పని నాలుగింతలైంది. అయినా ఆ మార్పు లేకపోతే నా థీసిస్‌కు అర్థమే ఉండేది కాదు.

శాంపిల్ సైజు మామూలు సూత్రంతోనే వేశాం. సగం మంది మానేస్తారనుకుని, 5 శాతం తేడాను ఒప్పుకుంటే 385 మంది కావాలి. పది శాతం మంది దొరకరనుకుంటే 428. ఇక్కడ మేడం చెప్పిన మాట అందరికీ పనికొస్తుంది. దొరకనివాళ్ల కోసం సంఖ్య పెంచితే లెక్క కచ్చితత్వం తగ్గకుండా ఉంటుంది, అంతే. దొరకనివాళ్లు దొరికినవాళ్లలాంటివాళ్లు కాకపోతే ఎంతమందిని కలిపినా ఆ లోటు తీరదు.

సెప్టెంబరులో ఎథిక్స్ కమిటీకి (మనుషుల మీద చేసే పరిశోధనలో వాళ్లకు హాని జరగకుండా చూసి అనుమతిచ్చే కమిటీ) పెట్టాం. కమిటీ నెలకొకసారి కూర్చుంటుంది, దానికి రెండు వారాల ముందే ఫైలు అందాలి. ఒక సంతకం ఆలస్యమవడంతో మొదటి మీటింగు దాటిపోయింది. రెండో మీటింగు తర్వాత ప్రశ్నలు పంపారు. జవాబులు ఇచ్చి, మళ్లీ మీటింగుకు ఎదురుచూసి, అనుమతి చేతికి వచ్చేసరికి డిసెంబరు సగమైంది. అప్పట్లో విసుగొచ్చింది కానీ, వాళ్లు అడిగినవన్నీ అడగాల్సినవే. ఇంట్లో బీపీ చూసినప్పుడు 180/110 దాటి ఉంటే ఏం చేస్తావు? ఎవరికి చెబుతావు, ఎంతసేపట్లో? సమాచార పత్రం చదువు రానివాళ్లకు ఎవరు చదివి వినిపిస్తారు? పేర్లున్న జాబితా ఎవరి దగ్గర ఉంటుంది, ఎప్పుడు నాశనం చేస్తావు? అమెరికాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పేదలను వైద్యం ఇవ్వకుండా ఊరికే గమనిస్తూ కూర్చున్న సంగతి మేం చదివి ఉన్నాం. 1940ల చివరికే పెన్సిలిన్ వచ్చేసినా ఇవ్వలేదు. అది చదివాక కమిటీ ప్రశ్నలను అడ్డంకి అనుకోలేకపోయాను. మీరు మాత్రం మూడు నెలలు దీనికి పక్కన పెట్టుకోండి. ఆ ఎదురుచూపులో ఊరికే ఉండకుండా డేటా ఫారం, కోడ్‌బుక్, లిటరేచర్ రివ్యూ పూర్తి చేసేయండి. తర్వాత క్లినిక్‌ల అనుమతికి ఇంకో నెల పైగా పట్టింది. ఎథిక్స్ అనుమతి వచ్చేదాకా వాళ్లు ఫైలు ముట్టుకోరు.

జనవరి చివర్లో పైలట్, అంటే కొద్దిమందితో ఫారాన్ని ముందుగా పరీక్షించి చూడటం, చేశాం. "గత 7 రోజుల్లో ఎన్ని రోజులు మందు వేసుకోలేదు?" అన్నది ఎన్నో అధ్యయనాల్లో వాడే ప్రశ్నే. ఒక పెద్దావిడ ఆలోచించి "ఒక్కరోజూ మానలేదమ్మా" అంది. మందుల డబ్బా చూపించమంటే తెచ్చింది. నెల కిందట కొన్న పట్టీలో సగం మాత్రలు అలాగే ఉన్నాయి. అబద్ధమాడలేదామె. డబ్బులు పొదుపవుతాయని రోజుకు సగం మాత్ర విరిచి వేసుకుంటోంది. రోజూ వేసుకుంటున్నట్టే కదా. ఆ సాయంత్రమే ఫారంలో రెండు మార్పులు చేశాం: రోజుకు ఎంత వేసుకుంటున్నారు, పట్టీ చూడొచ్చా. మార్పులను కమిటీకి మళ్లీ తెలియజేయాలి, దానికి మూడు వారాలు.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఇళ్ల చుట్టూ తిరిగాం, నేనూ ఇద్దరు సహాయకులూ. ఖర్చులన్నీ ఇక్కడే తేలతాయి. సహాయకుల జీతం, ప్రయాణాలు, ఫారాల ప్రింటింగ్, రెండు డిజిటల్ బీపీ మిషన్లు, వాటి బ్యాటరీలు. చేతికి చుట్టే కఫ్‌లు రెండు మూడు సైజుల్లో కొనాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మిషన్‌తో వచ్చే కఫ్ అందరికీ సరిపోదు. మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, మూడుసార్లు చూసి, చివరి రెండింటి సగటు తీసుకునేవాళ్లం. ఒక్కో ఇంటికి అరగంట అనుకున్నది ముప్పావుగంట పట్టేది. పగలు వెళితే మగవాళ్లు ఉండరు. అందుకని సాయంత్రాలు, ఆదివారాలు. మూడుసార్లు వెళ్లినా దొరకకపోతేనే "దొరకలేదు" అని రాయాలని నియమం పెట్టుకున్నాం.

ఒక రోజు సాయంత్రం తలుపు తీసినావిడను మా జాబితాలో ఉన్న ఆమె భర్త పేరు చెప్పి ఉన్నారా అని అడిగాను. ఒక క్షణం నా వంక చూసి, "ఆయన పోయి ఏడు నెలలైంది తల్లీ" అంది. నేను క్షమించమని చెప్పి వెనక్కి తిరగబోయాను. "క్లినిక్ నుంచి వచ్చారా?" అని ఆపి, లోపలికి వెళ్లి ఆయన మందుల కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. నాలుగు నెలల ఎంట్రీలున్నాయి, తర్వాత ఖాళీ. "వేసుకున్నన్నాళ్లూ ఒంట్లో బాగానే ఉందన్నాడు. బాగానే ఉంది కదా అని మానేశాడు. పొద్దున్నే లేవలేదు" అంది. నా అనుమతి పత్రాల ప్రకారం ఆమె మాటలు డేటాగా రాసుకునే హక్కు నాకు లేదు, రాసుకోలేదు. అరగంట కూర్చుని విన్నాను. మా విజిట్ షీటులో "ఇంట్లో లేరు", "ఒప్పుకోలేదు", "ఇల్లు మారారు" అని మూడే గడులున్నాయి. ఆ రాత్రి "మరణించారు" అన్న నాలుగో గడి చేర్చి మేడంకు ఫోన్ చేశాను. తర్వాత ఆ గడిలో ఇంకా పేర్లు వచ్చాయి. క్లినిక్ రిజిస్టర్లో వాళ్లంతా "రావడం లేదు" అనే ఉన్నారు.

జూలై అంతా డేటా శుభ్రం చేయడానికే సరిపోయింది. ఈ పనికి ఎవరూ తగినంత టైమ్ పెట్టుకోరు. వయసు తెలియనివాళ్లకు 99 అని కోడ్ ఇచ్చిన ఒక క్లాస్‌మేట్ శాంపిల్‌లో నిజంగానే 99 ఏళ్ల తాతగారు ఉన్నారు. వయసుకు 999 వాడండి. నా డేటాలో బీపీల గ్రాఫ్ గీస్తే 130, 140, 150 దగ్గర గోడల్లా లేచి కనబడ్డాయి. డిజిటల్ మిషన్‌లో చివరి అంకె సున్నా రావడం పదింటికి ఒకసారే జరగాలి. సహాయకుల్లో ఒకతనికి పాత పాదరసం మిషన్ అలవాటు, దగ్గరి పదికి సవరించి రాసేస్తున్నాడు. 138ని 140 అని రాస్తే ఆ మనిషి బీపీ అదుపులో లేనివాళ్ల లెక్కలోకి వెళ్లిపోతాడు. అదృష్టం కొద్దీ మిషన్ మెమరీలో తేదీ, టైమ్‌తో రీడింగులుంటాయి. రెండు వారాలు కూర్చుని దొరికినన్ని సరిచేశాం, దొరకనివాటి సంగతి థీసిస్‌లో రాశాం. కొనేటప్పుడు మెమరీ ఎక్కువున్న మిషన్ కొనండి, వారానికోసారి గ్రాఫ్ గీసి చూడండి.

విశ్లేషణకు, రాయడానికి రెండు నెలలు. పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం ఎంతో చెప్పే సంఖ్య) 0.05 కంటే తక్కువ వస్తే పండగ, లేకపోతే ఏడుపు అన్నట్టు ఉంటుంది బ్యాచ్‌లో వాతావరణం. ఆ గీతను మాత్రమే చూసి నిర్ణయాలు చేయొద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లోనే చెప్పింది. మా మేడం కూడా "తేడా ఎంతో, దాని అటూ ఇటూ హద్దులు ఎంతో ముందు చెప్పు" అనేవారు. స్ట్రోబ్ అని 22 అంశాల జాబితా ఉంది, ఇలాంటి అధ్యయనాల రిపోర్టులో ఏమేం ఉండాలో చెప్పేది. దాన్ని రాసేటప్పుడు కాదు, ప్రపోజల్ నాడే ప్రింట్ తీసి పెట్టుకోవాలి.

అక్టోబరులో థీసిస్ ఇచ్చాను. పరీక్షకుల రిపోర్టులకు రెండున్నర నెలలు. అప్పటికి హాస్టల్ గడువు అయిపోయింది, పొడిగింపు ఫీజు విడిగా కట్టాలి. చేతిలో డబ్బులేని ఆ నెలలు కోర్సు మొత్తంలో కష్టమైనవి. రాత్రి డ్యూటీలు ఒప్పుకుని మళ్లీ నర్సుగా పనిచేశాను.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు రిగ్రెషన్ (ఏ కారణం ఎంత ప్రభావం చూపిందో తేల్చే లెక్క) పట్టికల జోలికి పోకుండా మొదట అడిగింది, "దొరకనివాళ్లు ఎవరు?" అని. వాళ్ల వయసు, ఆడా మగా, రిజిస్టర్లో రాసిన ఆఖరి బీపీ తీసి, దొరికినవాళ్లతో పోల్చిన పట్టిక నా దగ్గర ఉంది. దొరకనివాళ్లలో మగవాళ్లు, వయసు తక్కువవాళ్లు, మొదటి రెండు మూడు నెలల్లోనే రావడం మానేసినవాళ్లు ఎక్కువ. అంటే మందు మానేసినవాళ్ల శాతం నా థీసిస్‌లో చూపినదానికంటే ఎక్కువే ఉండొచ్చు. అదే చెప్పాను. ఇరవై నిమిషాలు దానిమీదే మాట్లాడుకున్నాం. పరీక్షలా అనిపించలేదు.

ఫలితాలు క్లినిక్ వాళ్లకు చెప్పి వస్తానని అనుమతి అడిగినప్పుడే మాటిచ్చాను. వైవా అయిన వారానికి వెళ్లి, రెండు పేజీల్లో తేలిక మాటల్లో రాసి ఇచ్చాను. మందు రాసిన మొదటి మూడు నెలల్లో మానేసేవాళ్లే ఎక్కువని, కారణాల్లో అన్నిటికంటే పైన ఉన్నది "బాగానే ఉంది కదా" అన్న మాటని చెప్పినప్పుడు అక్కడి సిస్టర్ తల ఊపింది. నెలాఖరున రావాల్సి ఉండి రానివాళ్ల పేర్లు విడిగా తీసి ఫోన్ చేయాలని తనే అంది. ఆ జాబితా రిజిస్టర్ నుంచి ఎలా తీయాలో కూర్చుని చూపించాను.

పేపర్‌ను ప్రచురణ రుసుము లేని పత్రికకు పంపాను, ఇంకా జవాబు రాలేదు. ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తుంటే అందరూ అడుగుతున్నది ప్రొవిజనల్ సర్టిఫికెట్. అది వైవా తర్వాత నెలన్నర దాకా రాదట. నో డ్యూస్ సంతకాలు మాత్రం వైవాకు ముందే పెట్టించుకోవచ్చు. లైబ్రరీ, హాస్టల్, ల్యాబ్, అకౌంట్స్ అన్నీ తిరగాలి, ఒక్కోచోట ఒక్కో రోజు. థీసిస్ ఇచ్చి ఖాళీగా ఉన్నప్పుడే ఆ పని ముగించేయండి.